రెండో వైపు తిప్పని కత్తి

ఇలా దగ్గరికి జరగండి. ఆ గుమ్మంలో నిలబడి వింటే సగం మాటలు గాలికి పోతాయి, మిగతా సగం మీరే కల్పించుకుంటారు. కూర్చోండి. ఆ ఫోను కాస్త బోర్లించి పక్కన పెట్టండి. చెప్పబోయేది ఒక కత్తి సంగతి. కంగారు పడకండి, ఇందులో ఎవరూ ఎవరినీ పొడుచుకోరు. ఉల్లిపాయలూ క్యాబేజీలూ తరుక్కునే వంటింటి కత్తి. దానికి ఒకవైపు పదును పెట్టారు, రెండో వైపు పెట్టకుండా ఆగిపోయింది. అంతేనా అంటారేమో. వినండి మరి.

ఒక ఇరుకు వీధిలో, మెట్లు నిటారుగా ఉండే భవనంలో, రెండో అంతస్తులో ఒక మొగుడూ పెళ్లాం ఉండేవారు. ఆయన ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంట చేసి చేసి రిటైరయిన మనిషి. అందరూ మేస్త్రి అనేవారు. ఆవిడ ఇంట్లోనే కిటికీ పక్కన కుట్టు మిషను వేసుకుని ఆస్పత్రి దుప్పట్లకి అంచులు కుట్టేది, పిల్లల యూనిఫారాలు సరిచేసేది. అందుకని ఆవిడ మిషనమ్మ అయింది. ఆయన నోరూ ఈవిడ మిషనూ ఒకేసారి ఆగగా విన్నవాళ్లు ఆ భవనంలో లేరు. ఒకటి ఆగితే రెండోది అందుకునేది.

మేస్త్రికి ఒక కత్తి ఉండేది. పాతకాలపు ఉక్కు. తడి ఉంచితే తుప్పు పట్టే రకం, ఆడపడుచులా క్షణక్షణం కనిపెట్టుకుని ఉండాలి దాన్ని. పెళ్లినాటికి అరచేయంత వెడల్పు ఉండేదట. నూరీ నూరీ రెండు వేళ్లంత మిగిలింది. సెలవు రోజు పొద్దున్నే సానరాయి నీళ్లలో నానబెట్టి, పీట మీద కూర్చుని, ఆ కత్తిని రాయి మీద అటూ ఇటూ నడిపిస్తుంటే, నిద్రలో ఉన్న పిల్లని జోకొడుతున్నట్టు ఉండేది. కొలతా లేదు, ఆధారమూ లేదు. ఎంత వంచి పట్టుకోవాలో ఎలా తెలుస్తుందండీ అని ఎవరైనా అడిగితే, "అది మణికట్టుకి తెలుసు. నన్నడగొద్దు, నాకు తెలీదు" అనేవాడు.

అటువంటి మణికట్టు ఒకనాడు చచ్చుబడిపోయింది. పక్షవాతం. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి, మాట పోయింది. ఆస్పత్రి మంచం మీద నోరు వంకర పోయి, కళ్లు మాత్రం తిరుగుతూ ఉండిపోయాడు. మాట ఎప్పుడొస్తుందా అని మిషనమ్మా, కూతురు చిట్టీ చెరో పక్క కూర్చుని ఆయన పెదాలనే చూసేవారు. మొదటి మాట నా పేరేమో అని ఈవిడ, నా పేరేమో అని ఆ పిల్ల. ఒక మధ్యాహ్నం నర్సు సూపు తెచ్చి చెంచాతో నోట్లో పోసింది. మేస్త్రి మింగాడు. మొహం చిట్లించాడు. "ఉప్పు" అన్నాడు.

"చూశావటే, నువ్వూ కాదు నేనూ కాదు, ఉప్పు!" అని మిషనమ్మ నవ్వి నవ్వి, ఆ నవ్వులోనే ఏడ్చేసింది.

ఇంటికొచ్చాడు. మాటలు ఒక్కొక్కటే, చిల్లు కుండలోంచి కారినట్టు వచ్చేవి. కర్ర పట్టుకుని గదిలో నాలుగడుగులు వేసేవాడు. అంతవరకూ బాగానే ఉంది. ఓ సెలవు రోజు ఎవరూ చూడకుండా సానరాయి తీసుకుని ఎడం చేత్తో కత్తి పట్టాడు. రాయి జారింది, కత్తి పక్కకి దొర్లింది, అంచు నేరుగా రాతికి తగిలి కర్‌మంది. మిషనమ్మ పరుగెత్తుకొచ్చేసరికి కత్తి చెంప మీద ఇంత గీత పడి ఉంది. మేస్త్రి ఆ గీత వంక చూస్తూ కూర్చున్నాడు. ఆ రోజు నుంచి వంటింటి వైపు మొహం పెట్టలేదు. కత్తి మొద్దుబారింది. ఆవిడ టమాటా తరిగితే ముక్క కాకుండా ముద్ద అయ్యేది. పలక మీద ఆ మొద్దు కత్తి చప్పుడు వినబడితే ఆయన గోడవైపు తిరిగి పడుకునేవాడు. తిండి తగ్గిపోయింది. మాటలు వచ్చినవి వచ్చినట్టే వెనక్కి వెళ్లిపోసాగాయి.

కూతురు చిట్టి కళ్లద్దాల దుకాణంలో పనిచేసేది. అద్దాలని ఫ్రేముకి సరిపోయేలా అరగదీయడం ఆమె పని, వెంట్రుకవాసి తేడా రానివ్వదు. ఊరికి ఆ చివర విడిగా ఉంటూ, శనివారం సాయంత్రం వచ్చేది. ఓ శనివారం చంకలో ఒక పెట్టె పెట్టుకొచ్చింది. విప్పి బల్ల మీద పరిచింది. బరువైన ఇనప పీట. దాని మీద కత్తి వీపుని పట్టి బిగించే పట్టు. పక్కన ఒక నిలువు కమ్మీ, దానికి పైకీ కిందికీ జరిగే ఉంగరం. ఆ ఉంగరంలోంచి దూరే పొడుగాటి కడ్డీ, కడ్డీ చివర సానరాయి.

"ఏంటే ఇది, చేపలు పట్టేదా?" అంది మిషనమ్మ.

"కత్తికి పదును పెట్టేదమ్మా. కత్తి కదలదు, రాయే కదులుతుంది. ఉంగరం ఎంత ఎత్తులో పెడితే రాయి అంత వంపులో వస్తుంది. బిగించామంటే ఇక ఎన్నిసార్లు గీసినా అదే వంపు. నాన్నా, ఒక చెయ్యి చాలు దీనికి."

మేస్త్రి దాన్ని ఎగాదిగా చూశాడు. "కత్తికి... కర్రా?" అన్నాడు. ఊతకర్ర అని ఆయన వెటకారం.

"కర్ర కత్తికి కాదులెండి, మీకు" అంది మిషనమ్మ ఠక్కున. "ఆ మూల ఉన్నది కాలికి, ఇది చేతికి. పెద్ద మొనగాడిలా కూర్చోకండి."

ఆయన మూతి బిగించుకున్నాడు. చిట్టి బతిమాలలేదు. బతిమాలితే మొండికేసే మనిషని పుట్టినప్పటి నుంచీ తెలుసు ఆ పిల్లకి. నల్ల మార్కర్ పెన్ను తీసి కత్తి అంచు పొడుగునా కాటుక దిద్దినట్టు గీసింది, పట్టులో బిగించింది, కావాలనే ఉంగరాన్ని తప్పు ఎత్తులో పెట్టి రాయి లాగింది. నలుపు పైపైన పోయింది, అంచున అలాగే ఉంది, అంటే వంపు కుదరలేదన్నమాట.

"రాలేదే" అంది అమాయకంగా.

మేస్త్రి ఓరకంట చూస్తున్నాడు. మళ్లీ గీసింది. మళ్లీ తప్పే.

"ఎత్తు" అన్నాడు మేస్త్రి.

ఉంగరం కొంచెం ఎత్తింది.

"ఇంకా... ఇంకా... ఎక్కువ, దించు! కళ్లద్దాల... పిల్లా, కళ్లు... లేవా?" ఇంట్లో అన్ని మాటలు ఒకేసారి విని ఎన్నాళ్లయిందో! ఎడం చెయ్యి చాపి కడ్డీ పట్టుకున్నాడు. రాయి అంచు మీదుగా ముందుకి వెళ్లింది, వెనక్కి వచ్చింది. కాటుక అంచుదాకా తుడుచుకుపోయింది. ఆ చప్పుడు కర్‌మని లేదు, పట్టుచీర మడత విప్పుతున్నట్టు సర్రుమంది. మేస్త్రి కళ్లు మూసుకుని విన్నాడు.

అయితే ఒక చిక్కు ఉంది. ఒకవైపు అయ్యాక కత్తిని తిప్పాలి. ఈ పట్టుకి రెండు మరలు. ఒక చేత్తో కత్తి పట్టుకుని ఇంకో చేత్తో మరలు వదులు చేసి, కత్తిని రెండో వైపుకి తిప్పి, సరిగ్గా ముందున్న చోటే కూర్చోబెట్టి బిగించాలి. జరిగితే వంపు మారిపోతుంది. ఒంటిచేతి మనిషికి అయ్యే పని కాదు. మిషనమ్మ తన కుట్టుపని సుద్ద తెచ్చి, కత్తి వీపు మీద పట్టు ఎక్కడుందో అక్కడ చిన్న గీత పెట్టింది. "ఇదిగో, ఈ గీత దగ్గరే కూర్చుంటుంది. జేబు ఎక్కడ కుట్టాలో గుర్తు పెట్టుకున్నట్టు. తిప్పడం నా పని, గీయడం మీ పని."

అలా ఒప్పందం కుదిరింది. పెళ్లప్పుడు కూడా అంత సులువుగా కుదరలేదని ఆవిడే అనేది.

ఇక చూడండి, మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. రోజూ పొద్దున్న కిటికీ దగ్గరి బల్ల ముందు కూర్చుని గీసేవాడు. ఎంతసేపు గీయాలో గడియారం చెప్పదు, వేలు చెబుతుంది. ఒక వైపు చాలినంత అరిగితే, రెండో వైపు అంచున సన్నటి ఇనప నూగు లేస్తుంది. కంటికి కనబడదు, బొటనవేలితో మెల్లగా రాస్తే గరుకుగా తగులుతుంది. మేస్త్రి దాన్ని మీసం అనేవాడు. "మీసం... మొలిచింది!" అని మురిసిపోయేవాడు. మీసం మొలిస్తే ఒకవైపు పని అయినట్టు. అప్పుడు గొంతెత్తి, "తిప్పూ!" అని కేకేసేవాడు. మిగతా మాటలన్నీ ముక్కలు ముక్కలుగా వచ్చేవి గానీ, ఈ ఒక్క మాట మాత్రం క్యాంటీన్‌లో గంట కొట్టినట్టు వచ్చేది. మెట్ల మీద వెళ్లేవాళ్లు ఉలిక్కిపడేవారు. మిషనమ్మ మిషను ఆపి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, మరలు వదులు చేసి తిప్పేది. రెండో వైపు గీస్తే ఆ మీసం ఇటు వంగుతుంది. చివరికి తోలు ముక్క మీద లాగితే ఊడిపోతుంది. అప్పుడు కాగితం ముందు పెడితే కత్తి దానంతటదే దిగిపోయేది.

కింది ఇంట్లో మెకానిక్ ఉండేవాడు, నోటి దురుసు గానీ మంచివాడు. తన ఇంటి కత్తి తెచ్చి ఇచ్చాడు. తర్వాత ఎదురింటివాళ్లు, ఆ తర్వాత వీధి చివర రొట్టెల దుకాణం వాళ్లు. బల్ల మీద కత్తులు వరసగా పడుకునేవి, ఆస్పత్రిలో రోగుల్లా.

"బాబాయ్, ముప్పొద్దులా తిప్పూ తిప్పూ అని పిన్నిని ఎన్నిసార్లు తిప్పుతావు? కళ్లు తిరిగి పడుతుంది పాపం" అనేవాడు మెకానిక్.

"ఇప్పుడు కొత్తేముందయ్యా" అనేది మిషనమ్మ లోపల్నుంచి. "ఈయన తిప్పడం మొదలుపెట్టి నీ వయసంత అయింది."

మేస్త్రి ఒకవైపు పెదవితో నవ్వేవాడు.

ఇప్పుడు చెప్పేది కాస్త నెమ్మదిగా చెప్పాలి.

ఒక పొద్దున ఆయన తన సొంత కత్తినే బిగించుకున్నాడు. ఊళ్లోవాళ్ల కత్తులు పదునుగా ఉండి మన కత్తి మొద్దుగా ఉంటే ఎలాగని ఆవిడే నస పెట్టింది. ఈవిడ మిషను మీద ఉంది. మెకానిక్ కూతురి సంచికి జిప్పు ఊడిపోతే బాగుచేస్తోంది. జిప్పు కుట్టడం తెలుసుగా, మధ్యలో ఆపితే గుడ్డ జరుగుతుంది, వంకర వస్తుంది, మళ్లీ అంతా విప్పుకోవాలి. సూది సగంలో ఉండగా బల్ల దగ్గర్నుంచి కేక వచ్చింది.

"తిప్పూ!"

"వస్తున్నా, ఉండండి" అంది.

కాసేపటికి మళ్లీ. "తిప్పూ!"

"అబ్బబ్బ! చెబితే వినరేం, సూది మధ్యలో ఉంది. కత్తికేం కాళ్లొచ్చాయా పారిపోవడానికి?"

మూడోసారి కేక రాలేదు. అలిగాడు అనుకుంది. అలగనీ, ఒక నిమిషం ఓపిక పడితే ఏం పోయింది అని, ఎలాగూ కూర్చున్నాను కదా అని జిప్పు రెండో పక్క కూడా కుట్టేసింది. దారం కొరికి, లేచి, వంటింట్లో పాలగిన్నె మూత సరిచేసి, "ఏమండీ, కోపం తగ్గిందా?" అంటూ వచ్చింది.

మేస్త్రి కుర్చీలోనే ఉన్నాడు. తల కిటికీ వైపు వాలి ఉంది. కడ్డీ బల్ల మీద పెట్టేసి ఉంది, జాగ్రత్తగా, రాయి కింద పడకుండా. ఎడం చెయ్యి ఒళ్లో ఉంది. బొటనవేలికి నల్లటి ఇనప మడ్డి అంటి ఉంది.

డాక్టరు వచ్చి చూసి, "క్షణంలో అయిపోయి ఉంటుందమ్మా. మీరు పక్కనే కూర్చుని ఉన్నా చేయగలిగిందేమీ లేదు" అన్నాడు. ఆవిడ తలూపింది. ఆ మాట ఆవిడకి ఊరట ఇవ్వాలి. ఇవ్వలేదు. ఎందుకంటే ఆవిడ బాధ అది కాదు. ప్రాణం ఆపడం ఎవరి చేతిలో ఉంది గనక? ఆయన అడిగింది ప్రాణం ఆపమని కాదు, కత్తి తిప్పమని. అది ఆవిడ చేతిలో ఉన్న పని. ఆయన పని ఆయన చేసి, రాయి పక్కన పెట్టి, తన కోసం చూస్తూ కూర్చున్నాడు. తను జిప్పు కుట్టుకుంటోంది.

ఇల్లంతా జనం నిండారు. వచ్చినవాళ్లకి ఏదో ఒకటి వండాలి కదా. వంటింట్లోకి దిగిన ఒక ఆడబిడ్డ కత్తి కోసం వెతికి, బల్ల దగ్గరికొచ్చి మర మీద చెయ్యి వేసింది.

"ముట్టుకోవద్దు!"

ఆ కేకకి అందరూ తిరిగి చూశారు. శవం దగ్గర కూడా గొంతెత్తని మనిషి. మెకానిక్ కిందికి వెళ్లి తన ఇంటి కత్తి తెచ్చి ఇచ్చాడు. అది మేస్త్రి పదును పెట్టిన కత్తే.

అందరూ వెళ్లిపోయారు. చిట్టి కొన్నాళ్లు అమ్మ దగ్గరే ఉండిపోయింది. ఆ పిల్ల ఏడవలేదు. తండ్రిని సాగనంపిన రోజు కూడా కళ్లు పొడిగానే ఉన్నాయి. పొద్దున లేచి పనికి వెళ్లేది, వచ్చి గిన్నెలు తోమేది, కబుర్లకి జవాబు చెప్పేది, అన్నీ సరిగ్గానే చేసేది. కానీ గుండెల మీద ఇటుక పెట్టుకున్నట్టు ఊపిరి పైపైనే తీసేది. మిషనమ్మకి ఆ పిల్లని చూస్తే భయం వేసేది. ఏడవని ఏడుపు లోపల పుండవుతుందని ఆవిడకి తెలుసు.

కత్తి మాత్రం బల్ల మీద, పట్టులో, అలాగే ఉంది. ఇద్దరూ ఆ బల్లకి ఈ కొసన కంచాలు పెట్టుకుని తినేవారు. మిషనమ్మ బల్ల తుడిస్తే ఆ ఇనప పీట చుట్టూ తుడిచి వదిలేసేది. చిట్టి చూడట్లేదనుకున్నప్పుడు దాని ముందు నిలబడేది. రెండో వైపు అంచున బొటనవేలు ఆనీ ఆనకుండా పెట్టేది. మీసం ఉంది. గరుకుగా, ఆయన లేపింది లేపినట్టే ఉంది. మర దాకా చెయ్యి వెళ్లేది, వెనక్కి వచ్చేసేది.

ఎందుకు వెనక్కి వచ్చేదో చెబుతాను, తిట్టుకోకండి. తిప్పేస్తే ఆ పిలుపు తీరిపోతుంది. తిప్పనంతసేపూ ఆయన ఆ కుర్చీలో అలిగి కూర్చుని ఉన్నట్టే. ఎప్పటికైనా తిప్పి, "ఇదిగో, వచ్చానండీ" అనాలి. తనే అనాలి. ఇంకొన్నాళ్లు పోయాక అనాలి. అలా వాయిదా వేసుకుంటూ పోయింది, చిన్నపిల్ల గుప్పిట్లో మిఠాయి దాచుకున్నట్టు. ఆ మాట చిట్టికి కూడా చెప్పలేదు. చెబితే పిచ్చిదనుకుంటుందని కాదు, ఆ పిల్ల గుండెల మీద ఇంకో ఇటుక ఎందుకని.

వానలు మొదలయ్యాయి. కిటికీ మూసినా గదిలో చెమ్మ. ఒక ఆదివారం పొద్దున మిషనమ్మ బల్ల దగ్గరికి వెళ్లి చూస్తే, కొత్తగా గీసిన అంచు మీద నారింజ రంగు చుక్కలు. తుప్పు. పాత ఉక్కు అని ముందే చెప్పానుగా. ఇంకా ఉంచితే ఆ చుక్కలు అంచుని తినేస్తాయి, మీసాన్ని మొదట తినేస్తాయి. ఇక ఆగడానికి లేదు. ఈ రోజే తిప్పాలి.

తిప్పే ముందు ఒక చుక్క నూనె వేయాలి. మరలు కూడా బిగుసుకుపోయి ఉంటాయి. మిషను నూనె సీసా తీసి చూస్తే అడుగంటిపోయింది. ఆ రోజు తర్వాత మిషను ముట్టుకోలేదు కదా, అది అయిపోయిందనే గుర్తు లేదు. చిట్టి ఇంకా పక్క మీదే ఉంది, ఆదివారం గదా.

"వీధి చివరిదాకా వెళ్లొస్తానే" అంది.

"వానలో ఎందుకమ్మా? నేను తెస్తాను, ఏం కావాలి?"

"ఏం లేదు. కాళ్లు పట్టేశాయి, నాలుగడుగులు వేస్తాను."

గొడుగేసుకుని వెళ్లింది. ఎన్నాళ్లకో అడుగు తేలిగ్గా పడింది. దారిలో ఏమనాలో అనుకుంది. "వచ్చానండీ" అంటే చాలా, "ఆలస్యమైంది, కోప్పడకండి" కూడా అనాలా? చిట్టిని ఏదో వంకతో మెకానిక్ ఇంటికి పంపి, ఒక్కతే ఉండి తిప్పాలి. దుకాణంవాడు నూనె సీసా కాగితంలో చుట్టి ఇచ్చాడు. మెట్ల దగ్గర మెకానిక్ కనబడి పైకప్పు కారుతోందని, నీళ్ల గొట్టం పాడైందని కబుర్లు మొదలుపెట్టాడు. పాపం, మనిషిని నవ్వించాలని అతని తాపత్రయం. కాదనలేక అన్నిటికీ ఊకొట్టింది.

తలుపు తీసేసరికి చిట్టి బల్ల ముందు కూర్చుని ఉంది. తండ్రి కుర్చీలో. మొహం ఎర్రగా ఉబ్బి ఉంది, బుగ్గల నిండా తడి. చేతిలో కత్తి. పట్టు ఖాళీగా ఉంది.

"అమ్మా, చేసేశానమ్మా."

మిషనమ్మ గొడుగు మూయడం మరిచిపోయింది. నీళ్లు గుమ్మంలో కారుతున్నాయి.

"నువ్వు రోజూ దాని దగ్గరికెళ్లి చెయ్యి వెనక్కి తీసుకోవడం చూస్తున్నాను" అంది చిట్టి. వెక్కుతూ చెబుతోంది. "నీవల్ల కావట్లేదని తెలుసు. పొద్దున తుప్పు చూసి నీ మొహం అలా అయిపోయింది. నువ్వొచ్చేలోపు చేసి పెడదామని... నాన్న సగంలో ఆపిన పని... సుద్ద గీత దగ్గరే పెట్టానమ్మా, ఇంత కూడా జరగలేదు. గీస్తుంటే చెవిలో ఆయనే ఉన్నాడమ్మా, ఎత్తు, దించు, కళ్లు లేవా అని. ఒకటే ఏడుపొచ్చేసింది. అప్పుడు రాలేదు, ఇప్పుడొచ్చింది. ఆగలేదు. ఇదిగో ఇప్పుడు... ఇప్పుడు ఊపిరాడుతోందమ్మా."

నిజమే. ఆ పిల్ల భుజాలు దిగి ఉన్నాయి. ఊపిరి పొట్ట అడుగు దాకా వెళ్లి వస్తోంది.

మిషనమ్మ గొడుగు మూసి మూలన పెట్టింది. చెప్పులు విప్పింది. ఒక్కో పనికీ చాలాసేపు పట్టింది ఆవిడకి. తర్వాత బల్ల దగ్గరికి వచ్చింది.

"మీసం ఉండాలే" అంది. గొంతు మామూలుగానే ఉంది. "రెండో వైపు. ఏమైంది?"

"తోలు మీద లాగితే ఊడొచ్చేసింది. ఎంత సన్నగా ఉందో! వెంట్రుకలాగే ఉంది. ఉఫ్ అని ఊదేశాను" అంది చిట్టి, కన్నీళ్లలోంచి నవ్వుతూ. "బాగా చేశానా అమ్మా?"

మిషనమ్మ కిందికి చూసింది. నేల మీద ఏం కనబడుతుంది? వానపొద్దు చీకటి, పాత గచ్చు.

ఇప్పుడు మీరే ఆవిడ చోట ఉన్నారనుకోండి. ఏమంటారు? "అది నా పని తల్లీ, నా చేతుల్లోంచి లాగేసుకున్నావు" అంటారా? ఇన్నాళ్లకి ఊపిరి తీసుకున్న బిడ్డతో?

"మంచి పని చేశావమ్మా" అంది మిషనమ్మ. తల నిమిరింది. "మీ నాన్న ఉంటే ఎగిరి గంతేసేవాడు, ఒంటికాలితో."

చిట్టి నవ్వేసింది. అమ్మ చీర చెంగుకి మొహం అద్దుకుని మళ్లీ ఏడ్చింది, ఈసారి చిన్నపిల్లలా, శబ్దం చేస్తూ. ఆవిడ నిలబడే ఉంది. ఒక చెయ్యి కూతురి వీపు మీద. రెండో చేతిలో కాగితం చుట్టిన సీసా.

"అదేంటమ్మా?" అంది చిట్టి చివరికి, ముక్కు తుడుచుకుంటూ.

"నూనె."

"ఎందుకు?"

మిషను వంక చూసింది. "మిషనుకే. రేపట్నుంచి కుట్టాలిగా. ఎన్నాళ్లు కూర్చుంటాను?"

అంది కాబట్టి కుట్టింది. మర్నాడు మిషనుకి నూనె పోసింది, ఆస్పత్రి దుప్పట్లు తెప్పించుకుంది. అన్న మాట తప్పితే ఆ పిల్లకి అనుమానం వస్తుందని.

ఆ ఆదివారం మధ్యాహ్నం చిట్టి టమాటా ఒకటి పలక మీద పెట్టింది. "నాన్న పరీక్ష పెట్టేవాడు కదా, నొక్కకుండా తెగాలని. నువ్వే కొయ్యి."

మిషనమ్మ కత్తి ఆనించింది. నొక్కలేదు. దిగిపోయింది. ముక్కలు గాజు పలకల్లా ఒకదాని మీద ఒకటి వాలాయి, గింజ కూడా చెదరలేదు. పదును అద్భుతంగా ఉంది, అబద్ధం ఎందుకు. రెండు వైపులూ ఒకలాగే ఉన్నాయి. ఎక్కడ తండ్రి చెయ్యి ఆగిందో, ఎక్కడ కూతురి చెయ్యి మొదలైందో దేవుడు కూడా చెప్పలేడు. మామూలుగా అయితే దానికి సంతోషించాలి.

టమాటా కోస్తే కళ్లల్లో నీళ్లు రావని ఆవిడకి తెలుసు. అందుకని పక్కనున్న ఉల్లిపాయ అందుకుంది.

"ఉల్లిపాయ ఎందుకమ్మా ఇప్పుడు?"

"పదును చూద్దామని" అని, ఉన్న ఉల్లిపాయలన్నీ తరిగింది.

కొన్నాళ్లకి చిట్టి తన ఇంటికి వెళ్లిపోయింది. వెళ్లే ముందు పట్టూ, కడ్డీ, రాళ్లూ శుభ్రంగా తుడిచి పెట్టెలో సర్ది, పెట్టెని అలమరా మీద పెట్టింది. కిటికీ దగ్గరి బల్ల మొత్తం ఖాళీ అయింది. మిషనమ్మ ఇప్పుడు బల్లకి నడిమధ్య కంచం పెట్టుకుని తినవచ్చు. తినదు. ఆ కొసనే పెట్టుకుంటుంది.

ఒకసారి ఓ పాత స్నేహితురాలు లంగా అంచు వేయించుకోడానికి వస్తే, మిషను తొక్కుతూ తొక్కుతూ ఈ సంగతంతా చెప్పింది. ఆ స్నేహితురాలు అడిగింది, "పోనీ, ఇంకోసారి బిగించి, నువ్వే తిప్పి, ఆ మాటేదో అనుకోరాదూ?" అని. మిషనమ్మ తొక్కడం ఆపలేదు. "ఎవరు పిలిచారని తిప్పను?" అంది.

అదీ సంగతి. వినడం అయింది కాబట్టి ఇప్పుడు మీ వంతు. దీన్ని మనసులో పెట్టుకోండి, మీ పిల్లలకి చెప్పండి, బస్సులో పక్కన కూర్చున్నవాళ్లకి చెప్పండి, పదాలు నావే ఉండక్కర్లేదు. ఒక్కటి మాత్రం చూసుకోండి. కళ్లద్దాల దుకాణంలో పనిచేసే అమ్మాయి ఎవరైనా వింటున్నట్టు కనిపిస్తే, తల్లి "మంచి పని చేశావమ్మా" అన్న మాట దగ్గర ఆపేయండి. కథ అక్కడే అయిపోయిందని చెప్పండి.